రెండు రిపోర్టులు రెండు మాటలు చెబుతుంటే

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతంలో, సోంపేట దగ్గరి ఒక పల్లె నుంచి ఇరవై ఆరేళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు. ఆరేళ్ల కిందట తండ్రి కిడ్నీలు పాడై, రెండేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయారు. ఇంట్లో తల్లి, డిగ్రీ చదివే తమ్ముడు. మంచిచెడ్డలు చూసేది మేనమామ.

సంక్రాంతి తర్వాత స్కూల్లో రక్తదాన శిబిరం పెట్టారు. ఈవిడ వంతు వచ్చినప్పుడు బీపీ చూసిన నర్సు, మిషను తప్పు చూపిస్తోందేమోనని కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసింది. 178/112. రక్తం తీసుకోకుండానే పంపేశారు. ఊళ్లో ఆరెంపీ అటెనోలాల్ ఇచ్చాడు. బీపీ కొంత దిగింది కానీ మామూలుకు రాలేదు. విశాఖలో ఒక డాక్టరు పరీక్షలు రాశారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8, అంటే మామూలే, మూత్రంలో ప్రొటీన్ లేదు. పొటాషియం మాత్రం కొంచెం తక్కువ, 3.3. స్కానింగులో కుడి కిడ్నీ 10.8 సెంటీమీటర్లు, ఎడమది 8.9 అని వచ్చింది.

అప్పుడు మొదలైంది హార్మోన్ల గొడవ. రెనిన్, ఆల్డోస్టెరాన్ పరీక్షల కోసం ల్యాబు కుర్రాడు తెల్లవారుజామునే ఇంటికొచ్చి, ఈవిడ మంచం దిగకముందే రక్తం తీసుకెళ్లాడు. రెనిన్ 0.9, ఆల్డోస్టెరాన్ 28. 'అడ్రినల్ గ్రంథిలో గడ్డ ఉందేమో చూడాలి' అన్నారు డాక్టరు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే అటెనోలాల్ మాన్పించి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ ఇచ్చారు. బీపీ 140/90కి వచ్చింది. మూడు నెలల తర్వాత మళ్లీ అవే పరీక్షలు. ఈసారి పిన్ని మాట విని పది రోజులు చప్పిడి తిండి తిని మరీ వెళ్లారు. రక్తం తీసిన చోట ఆ ట్యూబుని ఐసు డబ్బాలో పెట్టి సిటీకి పంపారు. రెనిన్ 14, ఆల్డోస్టెరాన్ 18. 'అడ్రినల్ కాదు, ఎడమ కిడ్నీకి వెళ్లే రక్తనాళం సన్నబడి ఉంటుంది. తొడ దగ్గర నుంచి గొట్టం పంపి రెండు కిడ్నీల సిరల్లోంచి రక్తం తీసి రెనిన్ చూద్దాం' అన్నారు.

మేనమామకు ఇది నచ్చలేదు. 'గొట్టాలూ స్టెంట్లూ వేస్ట్ అని పెద్ద పెద్ద డాక్టర్లే తేల్చేశారు, మాత్రలు వేసుకుని ఊరుకో' అంటున్నారు. ఇంతలో హైదరాబాదులో ఉద్యోగం చేసే అబ్బాయితో సంబంధం కుదిరింది. మాఘమాసంలో ముహూర్తం. 'కిడ్నీ అన్న మాట పొక్కితే మన వైపు పిల్లని ఎవరు చేసుకుంటారు, నోరెత్తకు' అని తల్లి కన్నీళ్లు. 'పరీక్ష సరిగ్గా రావాలంటే మాత్రలు ఆపాలట' అని ఎవరో చెబితే ఈవిడ తొమ్మిది రోజులుగా రెండు మాత్రలూ మానేశారు. తలనొప్పి తగ్గడం లేదట. చివర ఇలా రాశారు: 'ఏ రిపోర్టు నిజం? ఆ గొట్టం పరీక్ష చేయించుకోవాలా? నాన్నకు వచ్చిందే నాకూ వచ్చిందా? అబ్బాయికి చెప్పాలా?'

అమ్మా,

మీ ప్రశ్నలన్నిటికీ వస్తాను. దానికంటే ముందు ఒక పని చేయండి. ఈ జవాబు చదవగానే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి బీపీ చూపించుకోండి. మాత్రలు మానేసి తొమ్మిది రోజులైందని, తలనొప్పి ఉందని ఉన్నదున్నట్టు చెప్పండి. అవే మాత్రలా, వేరేవా అన్నది చూసిన డాక్టరు నిర్ణయిస్తారు. మాత్ర మాత్రం ఈ రోజే మళ్లీ మొదలవ్వాలి. పై అంకె 180 గానీ, కింది అంకె 120 గానీ దాటి, చూపు మసకబారినా, ఆయాసం వచ్చినా, వాంతులైనా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. పరీక్ష కోసం మాత్రలు ఆపాలన్న మాటలో సగమే నిజముంది. ఆపేది డాక్టరు, దాని బదులు ఇంకో మందు ఇచ్చి ఆపుతారు. మీరు ఖాళీగా ఆపారు. ఎవరో చెప్పిన సగం మాట మిమ్మల్ని ఇంత దాకా తెచ్చిందని నాకు నిజంగా బాధగా ఉంది.

ఇక రిపోర్టుల సంగతి. రెండిట్లో ఏది నిజం అని అడిగారు. ల్యాబు రెండుసార్లూ ఉన్నదే చెప్పి ఉండవచ్చు. రెండుసార్లూ రక్తం తీసిన పరిస్థితి వేరు. ఈ హార్మోన్ల నడక తెలిస్తే మీకే అర్థమవుతుంది.

వంశధార కాలువ కింద శివారు ఆయకట్టు రైతుల గోడు మీ జిల్లాలో తెలియనివాళ్లు లేరు. శివారు రైతు పొలానికి వెళ్లే పిల్లకాలువలో గుర్రపుడెక్క పేరుకుపోయిందనుకోండి. ప్రధాన కాలువలో నీళ్లు నిండుగా ఉన్నా అతని చేనికి రావు. నీళ్లు లేవు, తూములెత్తండి అని కబురు పెడతాడు. పైవాళ్లు నమ్మి నీళ్లు వదులుతారు. పైనున్న చేలన్నీ మునుగుతాయి. అతని మడి మాత్రం తడవదు. మళ్లీ కబురు పెడతాడు.

కిడ్నీకి వెళ్లే ధమని సన్నబడినప్పుడు జరిగేది ఇదే. ఒళ్లంతా రక్తపోటు ఎక్కువగా ఉన్నా ఆ కిడ్నీకి మాత్రం తక్కువ రక్తం అందుతుంది. ఒంట్లో రక్తమే తగ్గిందనుకుని అది రెనిన్‌ను వదులుతుంది. కాలేయంలో తయారైన ఒక ప్రొటీన్‌ని రెనిన్ కత్తిరిస్తే యాంజియోటెన్సిన్ పుడుతుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది, కిడ్నీల మీద టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథులను కదిలించి ఆల్డోస్టెరాన్ వదిలేలా చేస్తుంది. ఆల్డోస్టెరాన్ ఉప్పును ఒంట్లో నిలబెట్టి పొటాషియాన్ని మూత్రంలోకి పంపేస్తుంది. మీ పొటాషియం 3.3కి పడిందంటే దీని చేయి ఉండవచ్చు.

రెనిన్‌ని 1898లోనే స్వీడన్‌లో టైగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు కిడ్నీ రసంలో కనిపెట్టారు. తర్వాత చాలాకాలం దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 1934లో అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీ ధమనులకు చిన్న వెండి క్లిప్పులు పెట్టి కొంచెం బిగించాడు. బీపీ పెరిగి అలాగే నిలిచిపోయింది. కిడ్నీకి రక్తం తగ్గితే ఒళ్లంతటి బీపీ పెరుగుతుందని అప్పుడు తేలింది. మీ డాక్టర్లు ఇప్పుడు వెతుకుతున్నది అలాంటి క్లిప్పునే, ప్రకృతి పెట్టినదాన్ని.

రెండు హార్మోన్లూ కలిపి ఎందుకు చూస్తారంటే తప్పు ఏ చివర ఉందో తెలియడానికి. ఆల్డోస్టెరాన్ ఎక్కువ, రెనిన్ బాగా తక్కువ ఉంటే అడ్రినల్ గ్రంథి ఎవరి మాటా వినకుండా సొంతంగా తయారుచేసేస్తోందని అర్థం. రెండూ ఎక్కువగా ఉంటే కబురు కిడ్నీ నుంచి వస్తోందని. ఆల్డోస్టెరాన్‌ని రెనిన్‌తో భాగించిన అంకె 30 దాటితే మొదటిదాన్ని అనుమానిస్తారు. మీరు లెక్కల టీచరు కదా, వేసి చూడండి. మొదటిసారి 28ని 0.9తో భాగిస్తే 31. రెండోసారి 18ని 14తో భాగిస్తే 1.3. అందుకే ఒకరు అడ్రినల్ అన్నారు, ఇంకొకరు కిడ్నీ అన్నారు.

ఇప్పుడు ఆ రోజుల్లోకి వెళదాం. మొదటిసారి మీరు అటెనోలాల్ మీద ఉన్నారు. ఆ జాతి మందులు కిడ్నీ నుంచి రెనిన్ రాకుండా అణచివేస్తాయి. పైగా మంచం మీదే పడుకుని ఉన్నారు, పడుకుంటే రెనిన్ ఇంకా తగ్గుతుంది. రెనిన్ 0.9 అని రావడంలో ఆ మాత్ర వాటా, ఆ మంచం వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. కింది అంకె చిన్నదైతే భాగహారం పెద్దదవుతుంది, లేని గడ్డ ఉన్నట్టు కనిపిస్తుంది. రెండోసారి దీనికి పూర్తిగా తిరగబడింది. టెల్మిసార్టాన్ యాంజియోటెన్సిన్ పనిని అడ్డుకుంటుంది. తన మాట చెల్లడం లేదని కిడ్నీ ఇంకా ఎక్కువ రెనిన్ వదులుతుంది. పది రోజుల చప్పిడి తిండి కూడా రెనిన్‌ని పెంచేదే. ఆ ఐసు డబ్బా సంగతి చాలామంది గమనించరు. అన్నిటినీ ఐసులో పెడితే భద్రమనుకుంటాం. రక్తంలో రెనిన్‌కి ముందు రూపం ఒకటి నిద్రపోతూ ఉంటుంది. చల్లదనానికి అది మేలుకుని రెనిన్‌లా పనిచేస్తుంది, అంకె పెరుగుతుంది. అందుకే ఈ పరీక్షకు రక్తాన్ని మామూలు గది వేడిలోనే ఉంచి త్వరగా ల్యాబుకి చేర్చాలి.

కాబట్టి మొదటి రిపోర్టు చూసి అడ్రినల్ అనుకోవడానికి లేదు, రెండోది చూసి కిడ్నీ అని తీర్పు చెప్పడానికీ లేదు. అయితే మీ విషయంలో కిడ్నీ ధమనినే అనుమానించమని చెబుతున్నవి హార్మోన్లు కానేకాదు. ఇరవై ఆరేళ్ల వయసులో ఇంత బీపీ. రెండు కిడ్నీల మధ్య 1.9 సెంటీమీటర్ల తేడా. ఒకటిన్నర దాటితేనే ఆలోచించాలి. ఈ రెండూ చాలు ముందుకు వెళ్లడానికి.

మీ ముందు మూడు దారులున్నాయి.

హార్మోన్ పరీక్షను ఈసారి పద్ధతిగా మళ్లీ చేయించుకోవడం ఒకటి. డాక్టరు టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ ఆపి కనీసం రెండు వారాల పాటు రెనిన్‌ని పెద్దగా కదిలించని మందులు, అంటే నెమ్మదిగా కరిగే వెరాపమిల్, ప్రజోసిన్ లాంటివి ఇస్తారు. ఒంట్లో నీరు లాగే మాత్రలు వాడుతుంటే నాలుగు వారాలు ఆగాలి. పొటాషియం ముందే సరిచేయాలి, అది తక్కువగా ఉంటే ఆల్డోస్టెరాన్ దొంగలా దాక్కుంటుంది. ఉప్పు మామూలుగా తినాలి. ఆ రోజు పొద్దున్నే లేచి రెండు గంటలు అటూఇటూ తిరిగి, పది నిమిషాలు కూర్చున్నాక రక్తం ఇవ్వాలి. నొప్పి మాత్రలు, గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే చెప్పాలి, అవీ అంకెల్ని మారుస్తాయి. ఈ దారిలో అడ్రినల్ సందేహం బాగా తీరుతుంది. కిడ్నీ ధమని సందేహం అంతగా తీరదు. ఏ ప్రత్యేక కారణం లేకుండా బీపీ జబ్బు వచ్చినవాళ్లలోనే నూటికి పదిహేను మంది దాకా రెనిన్ ఎక్కువగా ఉంటుంది. ధమని నిజంగా సన్నబడినా రెనిన్ మామూలుగా ఉన్నవాళ్లూ తక్కువేం కాదు, ముఖ్యంగా జబ్బు ముదిరి ఉప్పూ నీరూ నిలిచిపోయాక.

రెండోది, ఆ ధమనిని నేరుగా చూడటం. ముందు నాళంలో రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కానింగ్, తర్వాత రంగుమందు ఎక్కించి నాళాలను బొమ్మ తీసే సీటీ యాంజియోగ్రామ్. మాత్రలు ఆపక్కర్లేదు. మీ క్రియాటినిన్ బాగుంది కాబట్టి సీటీ రంగుమందుకు పెద్దగా భయపడాల్సింది లేదు. మీ స్థితిలో చాలామంది కిడ్నీ డాక్టర్లు ఇదే ముందు చేయిస్తారు. నా మొగ్గూ ఇటే. డాప్లర్ చేసేవారి చేతి అనుభవం మీద ఆధారపడుతుంది, కాబట్టి అందులో ఏమీ లేదని వచ్చినా సీటీ గురించి అడగండి. అడిగేటప్పుడు గుండె నుంచి పొట్ట దాకా మహాధమని మొత్తం చూడాలా అని కూడా అడగండి. ఎందుకో కింద చెబుతాను.

మూడోది, మేనమామ చెప్పినట్టు మాత్రలతోనే నెట్టుకురావడం. ఇది తీసిపారేసే మాట కాదు. టెల్మిసార్టాన్‌తో మీ బీపీ 140/90కి వచ్చింది. ఒకవైపే సన్నబడినవాళ్లకు ఈ మందులు బాగానే పనిచేస్తాయి. కానీ రెండు ఇబ్బందులున్నాయి. రెండు వైపులా సన్నబడి ఉంటే ఇవే మందులు కిడ్నీ పనిని పడగొడతాయి, మొదలుపెట్టిన వారం రెండు వారాల్లో క్రియాటినిన్ చూడాలి, 30 శాతానికి మించి పెరిగితే డాక్టరు మళ్లీ ఆలోచిస్తారు. టెల్మిసార్టాన్ మొదలుపెట్టాక మీకు క్రియాటినిన్ చేశారో లేదో మీరు రాయలేదు, అడగండి. ఇంకోటి, ఎందుకు సన్నబడిందో తెలియకుండా ఏళ్లు గడిస్తే బీపీ అదుపులోనే ఉన్నా ఎడమ కిడ్నీ ఇంకా ముడుచుకోవచ్చు.

ఇక ఆ గొట్టం పరీక్ష. తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం పంపి రెండు కిడ్నీల సిరల్లోంచీ, కింది మహాసిరలోంచీ రక్తం తీస్తారు. అనుమానమున్న వైపు రెనిన్ రెండో వైపుకంటే ఒకటిన్నర రెట్లు మించి ఉండి, మంచి కిడ్నీ తన రెనిన్‌ని అణచుకుని కూర్చుంటే, గొడవ చేస్తున్నది ఆ ఒక్క కిడ్నీయే అని బలంగా అనుకోవచ్చు. స్కానింగులు ఇంత మెరుగుపడని రోజుల్లో ఆపరేషనుకి ముందు దీన్ని విరివిగా చేసేవారు. ఒకటిన్నర రాకపోయినా ధమని తెరిచాక బీపీ తగ్గినవాళ్లు చాలామంది ఉన్నారు. రెండు వైపులా సన్నబడితే ఈ పోలికే పనికిరాదు. మందులు దీన్నీ మారుస్తాయి. అందుకని ఇది మొదటి పరీక్ష కాకూడదు. సీటీలో సన్నబడటం ఉందా లేదా అని సందిగ్ధంగా తేలినా, బాగా ముడుచుకున్న కిడ్నీని ఉంచాలా తీయాలా అన్న ప్రశ్న వచ్చినా అప్పుడు దీనికి విలువ ఉంటుంది. మీకు చెప్పిన డాక్టరుని 'ముందు సీటీ చూశాక ఇది అవసరమవుతుందా?' అని అడగండి. మర్యాదగా అడిగితే మంచి డాక్టరు ఎవరూ నొచ్చుకోరు.

సీటీలో సన్నబడటం కనిపిస్తే ఎందుకన్నది తేల్చాలి. మీ వయసు ఆడపిల్లల్లో ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. ధమని గోడ కండ అక్కడక్కడా గట్టిపడి పూసలదండలా కనిపించడం ఒకటి. దీనికి బెలూన్‌తో వెడల్పు చేస్తే చాలు, సాధారణంగా స్టెంట్ పెట్టరు. కొందరికి మాత్రలే అక్కర్లేకుండా పోతాయి, ఇంకొందరికి తగ్గుతాయి. రెండోది తకయాసు జబ్బు. మహాధమని, దాని కొమ్మలు వాచి సన్నబడతాయి. మన దేశంలో చిన్న వయసువాళ్లలో ఇది ఎక్కువ. మహాధమని మొత్తం చూడమన్నది ఇందుకే. రెండు చేతుల బీపీకీ తేడా ఉందా, ఒక మణికట్టు దగ్గర నాడి అందడం లేదా అన్నది ఏ ఆసుపత్రిలోనైనా రెండు నిమిషాల్లో చూడొచ్చు, ఈ రోజు వెళ్లినప్పుడే రెండు చేతులకీ కట్టమనండి. ఈ జబ్బయితే ముందు వాపు తగ్గడానికి మందులు వాడాలి. వాపు ఉండగా బెలూన్ వేస్తే మళ్లీ మూసుకుపోవచ్చు.

మీ మేనమామ విన్నది అబద్ధం కాదు. 2014లో వెలువడిన కోరల్ అధ్యయనంలో మంచి మందులు వాడుతున్నవాళ్లకు కిడ్నీ ధమనిలో స్టెంట్ అదనంగా మేలు చేయలేదని తేలింది. ఆ అధ్యయనంలో ఉన్నది కొవ్వు పేరుకుని ధమనులు గట్టిపడిన పెద్దవాళ్లు. ఇరవై ఆరేళ్ల అమ్మాయికి దాన్ని అతికించకూడదు. ఆయన మీ మంచి కోరే చెబుతున్నారు, కాబట్టి డాక్టరు దగ్గరికి ఆయన్నే వెంట తీసుకెళ్లండి. ఆ మాట అక్కడే అడగనివ్వండి.

నాన్నకు వచ్చిందే నాకూ వచ్చిందా అని అడిగారు. ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం దగ్గర అక్షరాలు వణికాయి. ఉద్దానంలో కిడ్నీ అన్న మాటకు ఒక్కటే అర్థం మిగిలిపోయింది, కవిటి నుంచి పలాస దాకా ప్రతి వీధికీ ఆ అనుభవం ఉంది. కానీ ఆ జబ్బు దారి వేరు. అది రెండు కిడ్నీలనూ సమంగా, చడీచప్పుడు లేకుండా తింటుంది. క్రియాటినిన్ పెరిగే దాకా మనిషికి తెలియదు, మొదట్లో బీపీ అంతగా పెరగదు. మీకు బీపీ ముందు వచ్చింది, క్రియాటినిన్ బాగుంది, మూత్రంలో ప్రొటీన్ లేదు, ఒక కిడ్నీయే చిన్నదైంది. ఇవి ఆ జబ్బు లక్షణాలు కావు. మీ నాన్నగారిని చూసుకున్న భయంతో మీ రిపోర్టులు చదవకండి.

ఇక అబ్బాయికి చెప్పడం. అమ్మగారి భయం నాకు తెలుసు. ఆమె భర్తను పోగొట్టుకున్న మనిషి, కూతురి పెళ్లి ఆగిపోతుందని వణికిపోతున్నారు. ఆమెతో వాదించకండి. చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం చూడండి. కొత్త కాపురంలో రోజూ మాత్రలు దాచి వేసుకోవాలి. దాచలేని రోజు మానేస్తారు. దానికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. టెల్మిసార్టాన్ వేసుకుంటూ గర్భం దాలిస్తే, ముఖ్యంగా నాలుగో నెల దాటాక, అది కడుపులో బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తుంది. పిల్లలు కావాలనుకునే ముందే డాక్టరుతో చెప్పి లబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా లాంటి మందులకు మారాలి. పెళ్లయిన మొదటి నెలలో మామగారింట్లో కూర్చుని ఈ మార్పు రహస్యంగా చేసుకోవడం మీవల్ల కాదు.

ఈ వారమే చెబితే చేతిలో అంకెలే ఉంటాయి, అర్థం ఉండదు, అవతలివాళ్లు ఉద్దానం జబ్బే అనుకుంటారు. మాఘం దగ్గరపడ్డాక చెబితే దాచారనుకుంటారు. సీటీ అయ్యాక చెబితే 'ఎడమ కిడ్నీకి వెళ్లే రక్తనాళం ఒకటి సన్నబడింది, దానికి ఈ వైద్యం ఉంది, నాన్నకు వచ్చిన జబ్బు ఇది కాదు' అని స్పష్టంగా చెప్పగలరు. నేనైతే మధ్యవర్తుల ద్వారా కాకుండా అబ్బాయితోనే మొదట మాట్లాడమంటాను, ఆయనకు ఇష్టమైతే మీ డాక్టరునే కలవమనండి. ఆయన వెనక్కి తగ్గవచ్చు, అది నొప్పే. ఆ నొప్పి పెళ్లికి ముందు పడాలా తర్వాత పడాలా అన్నది మీరు, అమ్మగారు కలిసి తేల్చుకోవాల్సిన విషయం. ముహూర్తం ఒకటి రెండు నెలలు జరపమని అడగడం కూడా తప్పేం కాదు, బెలూన్ చికిత్స అవసరమైతే అది ముందే అయిపోతుంది.

మీ తమ్ముడి గురించి మీరేమీ అడగలేదు. అతనిది నాన్నగారు తాగిన నీళ్లే, నాన్నగారు తిరిగిన తోటలే. సీటీకి విశాఖ వెళ్లేటప్పుడు అతన్నీ తీసుకెళ్లండి. ఒక క్రియాటినిన్, ఒక మూత్రపరీక్ష, రెండు చేతులకీ బీపీ చేయించండి. ఒళ్లునొప్పులకు మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కునే అలవాటు ఉంటే ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పమనండి.